గాడికి రెండు గోడలు

మనకు చెవులు రెండు, కాబట్టి స్పీకర్లూ రెండు. స్టీరియో ఎందుకని ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఇదే. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, తప్పేమో అన్న అనుమానం కూడా రాదు. కానీ తప్పే. హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు ఎడమ చానెల్ ఎడమ చెవికే, కుడి చానెల్ కుడి చెవికే చేరుతుంది. అక్కడ ఈ లెక్క చెల్లుతుంది. హాల్లో రెండు స్పీకర్లు పెట్టుకుని ఎదురుగా కూర్చుంటే మాత్రం ఎడమ స్పీకరు పలికేది రెండు చెవులూ వింటాయి, కుడి స్పీకరు పలికేదీ రెండు చెవులూ వింటాయి. స్పీకర్లు రెండు, చెవులు రెండు, దారులు నాలుగు. పైగా బయటి ప్రపంచంలో శబ్దం ఏ దిక్కు నుంచైనా వస్తుంది. చెవులు రెండే కదా అని అది రెండు దిక్కుల నుంచే రాదు.

మరి ఈ రెండు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో పాట వినడానికి స్టీరియో చాలా, చుట్టూ ఐదో ఏడో స్పీకర్లున్న సరౌండ్ కావాలా అని వాదించుకునేవాళ్ళు ముందు తేల్చుకోవలసింది ఇది. జవాబు మన శరీరంలో లేదు. గ్రామఫోన్ రికార్డులో ఉంది.

1933 ఏప్రిల్ 27న అమెరికాలో ఒక చిత్రమైన కచేరి జరిగింది. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తన ఊళ్ళోనే వాయించింది. శ్రోతలేమో సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్లో, వాద్యకారులెవరూ లేని వేదిక ముందు కూర్చున్నారు. ఆ ఆర్కెస్ట్రా సారథి లియొపోల్డ్ స్టొకాస్కీ కూడా ఆ సాయంత్రం శ్రోతల పక్షానే ఉన్నాడు. ఫిలడెల్ఫియాలో కర్ర ఊపే పని అలెగ్జాండర్ స్మాలెన్స్‌కు అప్పగించి, తాను వాషింగ్టన్‌లో ధ్వని హెచ్చుతగ్గులు సరిదిద్దే మీటల దగ్గర కూర్చున్నాడు. ఏర్పాటంతా బెల్ ప్రయోగశాలలవాళ్ళది, వాళ్ళ పెద్ద హార్వీ ఫ్లెచర్. అక్కడ మూడు మైకులు, మధ్యలో మూడు టెలిఫోన్ లైన్లు, ఇక్కడ మూడు స్పీకర్ల గుంపులు: ఎడమ, మధ్య, కుడి.

మూడే ఎందుకు? వాళ్ళ ఆలోచన చెవుల లెక్కతో మొదలు కాలేదు. ఆర్కెస్ట్రాకూ శ్రోతలకూ నడుమ ఒక తెర ఉందనుకోండి, దాని నిండా లెక్కలేనన్ని మైకులు. అవతలి హాల్లో అలాంటిదే ఇంకో తెర, మైకుకు ఒకటి చొప్పున స్పీకర్లు. అప్పుడు ఇక్కడ తెర దాటిన ధ్వనితరంగం అక్కడ యథాతథంగా మళ్ళీ పుడుతుంది. ఇది ఆదర్శం. ఖర్చు భరించలేం కాబట్టి ఎన్నింటి దాకా తగ్గించవచ్చు? స్టైన్‌బర్గ్, స్నో అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ ప్రశ్న మీద ప్రయోగాలు చేసి 1934లో ఫలితాలు ప్రకటించారు. పెద్ద హాలుకు రెండు చానెళ్ళకంటే మూడు స్పష్టంగా మెరుగని తేల్చారు. అంటే స్టీరియో ఇళ్ళలోకి రావడానికి పాతికేళ్ళ ముందే, రెండు చాలవని దాన్ని పుట్టించినవాళ్ళే చెప్పారన్నమాట.

దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో, ఈఎంఐ కంపెనీలో, అలన్ బ్లమ్‌లైన్ అనే కుర్ర ఇంజనీరు వేరే దారిన పోతున్నాడు. భార్యతో సినిమాకు వెళ్ళి, తెర మీద నటుడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడుస్తుంటే గొంతు మాత్రం ఒకేచోట నుంచి రావడం చూసి, దీనికి మార్గం తెలుసని అన్నాడట. 1931 డిసెంబరులో ఆయన దాఖలు చేసిన పేటెంటులో స్టీరియో రికార్డింగుకు కావలసింది దాదాపు అంతా ఉంది: మైకుల అమరిక, ధ్వనిని ఎడమ కుడులకు పంచే పద్ధతి, రెండు చానెళ్ళనూ ఒకే గాడిలో చెక్కే ఉపాయం. 1942లో విమానంలో రాడార్‌ను పరీక్షిస్తుండగా అది కూలి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఎనిమిది. స్టీరియో రికార్డు దుకాణానికి రావడం ఆయన చూడలేదు.

ఆ గాడి ఉపాయమే అసలు మలుపు. రికార్డు మీది గాడిని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా ఉంటుంది. రెండు గోడలూ చెరో 45 డిగ్రీలు వాలి, ఒకదానికొకటి లంబంగా నిలుస్తాయి. లోపలి గోడ మీద ఎడమ చానెల్, బయటి గోడ మీద కుడి చానెల్ చెక్కితే, ఒకే ముల్లు రెండింటినీ కలగాపులగం కాకుండా చదువుతుంది. అమెరికాలో వెస్ట్రెక్స్ కంపెనీ 1957లో ఈ పద్ధతినే చూపించింది, మరుసటి ఏడే స్టీరియో ఎల్పీలు అమ్మకానికి వచ్చాయి. పాత మోనో రికార్డు కొత్త యంత్రం మీద ఇబ్బంది లేకుండా మోగుతుంది. వ్యాపారానికి ఇంతకంటే ఏం కావాలి?

మూడో గోడ లేదు కాబట్టి మూడో చానెల్ లేదు. అంతే.

ఇందులో ఒక తమాషా ఉంది. 1950లలో ఆర్‌సీఏ, మెర్క్యురీ వంటి కంపెనీలు పెద్ద ఆర్కెస్ట్రాలను మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేసేవి. టేపుకు గోడల లెక్క లేదు, వెడల్పు ఉంటే చాలు. తీరా ఎల్పీ వేసేటప్పుడు మధ్య ట్రాకును పక్క రెండింటిలో కలిపేసేవారు. ఆర్‌సీఏ రికార్డింగులు కొన్ని 2000 తర్వాత ఎస్‌ఏసీడీ అనే కొత్త రకం డిస్కులుగా వచ్చినప్పుడు గానీ మామూలు శ్రోతకు ఆ మూడో చానెల్ విడిగా వినబడలేదు. సినిమావాళ్ళు మాత్రం మధ్య స్పీకరును ఎన్నడూ వదులుకోలేదు. 1953లో మొదటి సినిమాస్కోప్ చిత్రం ‘ది రోబ్’కే ఎడమ, మధ్య, కుడి, వెనక అని నాలుగు ట్రాకులున్నాయి. మన దగ్గర 1986లో కృష్ణ తీసిన ‘సింహాసనం’ 70 ఎంఎం మీద ఆరు ట్రాకులతో వచ్చింది. థియేటరుకు మూడు తప్పనిసరి అయినప్పుడు ఇంటికి రెండు ఎలా సరిపోతాయి? సరిపోవడానికి ఒక మాయ చెయ్యాలి.

శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవులకు ఎలా తెలుస్తుందన్నది 1907లో లార్డ్ రేలీ చాలావరకు విప్పి చెప్పాడు. ఎడమ పక్క నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందు, కుడి చెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. తల చుట్టూ తిరిగి అవతలి చెవికి చేరడానికి మహా అయితే ఒక సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు, 0.65 మిల్లీసెకన్లు చాలు. అంత చిన్న తేడానే మెదడు ఎడమ కుడులుగా చదువుకుంటుంది. సన్నని, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న శబ్దాలకు తల అడ్డుపడి నీడ వేస్తుంది కాబట్టి అవతలి చెవికి అవి తగ్గి వినిపిస్తాయి. అదీ ఒక ఆనవాలే. ఈ లెక్కలో మన చెవులు ఎంత నిక్కచ్చి అంటే, అనుకూలమైన పరిస్థితుల్లో 10 మైక్రోసెకన్ల తేడాను కూడా పసిగడతాయి. అంత వ్యవధిలో శబ్దం నడిచేది మూడున్నర మిల్లీమీటర్లు. ఎదురుగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా తెలిసిపోతుంది.

ఇంత నిక్కచ్చి యంత్రాన్ని స్టీరియో మోసం చేస్తుంది. రెండు స్పీకర్లూ గాయని గొంతును సమానంగా పలికితే, సరిగ్గా మధ్యలో కూర్చున్నవాడికి రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని ఒకేసారి పడుతుంది. మెదడుకు తోచే అర్థం ఒకటే: గొంతు ఎదురుగా, నడిమధ్య ఉంది. అక్కడ నిజానికి టీవీ ఉంటుంది, లేదా గోడ. ఈ లేని గాయనిని బొమ్మ అందాం.

బొమ్మకు ప్రాణం ఎంత తేలిగ్గా పోతుందో లెక్క వేసి చూడవచ్చు. స్పీకర్ల మధ్య ఎనిమిది అడుగులు, శ్రోతకు ఒక్కో స్పీకరూ ఎనిమిది అడుగులు. పుస్తకాలు చెప్పే సమబాహు త్రిభుజం ఇది. శ్రోత ఒక్క అడుగు కుడికి జరిగాడనుకోండి. కుడి స్పీకరు దగ్గరవుతుంది, ఎడమది దూరమవుతుంది, తేడా దాదాపు ఒక అడుగు. కాలంలో చెప్పాలంటే 0.88 మిల్లీసెకన్లు. ఈ తేడా ఒక మిల్లీసెకను దగ్గరకు వస్తే చాలు, గాయని నడిమధ్య నుంచి లేచి కుడి స్పీకరులోకి వెళ్ళి కూర్చుంటుంది. ముందు చేరిన శబ్దానికే మెదడు పెద్దపీట వేస్తుంది. కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చిన రెండోది కాస్త గట్టిగా ఉన్నా సరే, మొదటిదాని దిక్కే ఖాయం. 1949లో హెల్మూట్ హాస్ జర్మనీలో చేసిన పరిశోధన ద్వారా ఇది ఆయన పేరు మీదే ప్రసిద్ధమైంది. ఇంట్లో నలుగురు సోఫాలో కూర్చుంటే స్టీరియో నిజంగా వినేది ఒక్కరే. మిగతా ముగ్గురికీ అది పక్క స్పీకరులోని పాట.

మధ్యలో కూర్చున్నవాడికి కూడా పూర్తి న్యాయం జరగదు. గాయని గొంతు ఎడమ చెవికి ఎడమ స్పీకరు నుంచి ఒకసారి, పావు మిల్లీసెకను ఆలస్యంగా కుడి స్పీకరు నుంచి మరోసారి వస్తుంది. ఈ రెండూ 2000 హెర్ట్‌జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతులోని స్పష్టత, అక్షరాల పదును ఉండేది ఆ చుట్టుపక్కలే. నిజంగా మధ్యలో ఒక స్పీకరు పెడితే ఈ గుంట ఉండదు. ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ దీన్ని స్టీరియోకు పుట్టుకతో వచ్చిన లోపాల్లో ఒకటిగా పదేపదే ఎత్తి చూపాడు. గది గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఆ గుంటను కొంత పూడుస్తుంది కాబట్టి మనకు అంతగా తెలియదు. రికార్డింగు ఇంజనీర్లు కూడా ఈ స్పీకర్ల ముందే కూర్చుని గొంతును సరిచేస్తారు కాబట్టి కొంత అక్కడే సర్దుబాటు అయిపోతుంది.

ఇక్కడిదాకా చూస్తే సరౌండ్ గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ సరౌండ్ ఇళ్ళలోకి మొదటిసారి వచ్చినప్పుడు బోర్లా పడింది. 1970ల మొదట్లో ‘క్వాడ్’ పేరుతో నాలుగు స్పీకర్ల పద్ధతి వచ్చింది: గదికి నాలుగు మూలలా నాలుగు. సీబీఎస్ వాళ్ళది ఎస్‌క్యూ, సాన్సుయ్ వాళ్ళది క్యూఎస్, జేవీసీ వాళ్ళది సీడీ-4. ఒకరి రికార్డు మరొకరి యంత్రం మీద సరిగా మోగదు. మళ్ళీ అదే రెండు గోడల చిక్కు: నాలుగు చానెళ్ళను రెండు గోడల్లో ఇరికించాలి. మొదటి రెండు పద్ధతులు నాలుగింటిని రెండుగా కలిపి, ఇంట్లో మళ్ళీ విడదీయడానికి ప్రయత్నించేవి, సగం కలగలిసే ఉండేవి. సీడీ-4 మాత్రం వెనక చానెళ్ళ సంగతిని 30 కిలోహెర్ట్‌జ్ వాహకం మీద ఎక్కించి గాడిలో చెక్కింది. దాన్ని చదవడానికి ప్రత్యేకమైన ముల్లు కావాలి. పదేళ్ళు తిరక్కుండా అన్నీ మూతపడ్డాయి.

వ్యాపార తగాదాల వల్లే క్వాడ్ పోయిందని సాధారణంగా చెబుతారు. నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద తప్పు చెవి శాస్త్రంలో ఉంది. నాలుగు మూలల్లో పెడితే ముందు రెండు స్పీకర్ల మధ్య కోణం 90 డిగ్రీలు అవుతుంది. అంత ఎడంలో మధ్య బొమ్మ నిలవదు. మరి పక్కల సంగతి? ముందు స్పీకరూ వెనక స్పీకరూ సమానంగా పలికితే, సరిగ్గా చెవి పక్కన బొమ్మ కనిపించాలి కదా. కనిపించదు. ముందు జతకు పనికొచ్చే మాయ పక్క జతకు పనికిరాదు, ఎందుకంటే ఆ రెండు స్పీకర్లూ తలకు ఒకే పక్కన ఉన్నాయి. రెండు చెవుల మధ్య తేడా చెప్పే సమాచారం మారిపోయి శబ్దం ముందుకూ వెనక్కూ ఎగిరెగిరి పడుతుంది. థైలే, ప్లెంగె 1977లో దీన్ని ప్రయోగాలతో చూపించారు. అంటే నాలుగు స్పీకర్లు పెట్టినా, చుట్టూ ఎక్కడంటే అక్కడ వాద్యాన్ని కూర్చోబెట్టగలం అన్న ఆశే తప్పు. తర్వాత వచ్చిన 5.1 పద్ధతి ఈ పాఠం నేర్చుకుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముందు జత 60 డిగ్రీల ఎడంలో, మధ్యలో ఒకటి, చుట్టు జత చెవులకు కొంచెం వెనకగా ఇరుపక్కలా 110 డిగ్రీల దగ్గర, పాయింటు తర్వాతి ఒకటి వూఫర్. వూఫర్‌ను ఎక్కడ పెట్టినా పెద్దగా పట్టింపు లేదని దాదాపు నిజమే చెబుతారు. 80 హెర్ట్‌జ్‌కు దిగువన దిక్కు పట్టుకోవడం చెవికి కష్టం, ఆ తరంగం పొడవే నాలుగు మీటర్లకు పైన.

చుట్టూ వాద్యాలు పెట్టలేకపోతే చుట్టు స్పీకర్లు దేనికి? ఇదే ఈ అధ్యాయానికి గుండెకాయ. అవి వాద్యాల కోసం కాదు, గది కోసం.

కచేరి హాల్లో మన చెవికి చేరే శబ్దంలో నేరుగా వేదిక నుంచి వచ్చేది చిన్న భాగమే. మిగతాది గోడలకు, కప్పుకు తగిలి వచ్చేది. కానీ ఏ గోడ నుంచి వచ్చిందన్నది ముఖ్యం. 1960ల చివర్లో హెరాల్డ్ మార్షల్, ఆ వెంటనే మైఖేల్ బారన్, పక్క గోడల నుంచి వచ్చే శబ్దమే సంగీతానికి నిండుదనం ఇస్తుందని చూపించారు. వియెన్నా మ్యూజిక్‌ఫెరైన్, బోస్టన్ సింఫనీ హాల్ అంటే ప్రపంచమంతా చెవి కోసుకోవడానికి ఒక కారణం అవి ఇరుకుగా, పొడుగ్గా ఉన్న పెట్టెలు కావడం; పక్క గోడలు దగ్గర. 1990లలో బ్రాడ్లీ, సులోద్రె దీన్ని ఇంకా విడదీశారు. నేరు శబ్దం తర్వాత 80 మిల్లీసెకన్ల లోపు పక్కల నుంచి వచ్చేది వాద్యబృందం వెడల్పుగా ఉన్నట్టు అనిపింపజేస్తుంది. 80 మిల్లీసెకన్లు దాటాక పక్కల నుంచి వచ్చేది మనల్ని సంగీతం మధ్యలో కూర్చోబెడుతుంది.

ఇప్పుడు స్టీరియో రికార్డింగును చూడండి. మైకులు ఆ హాలు మోగడాన్ని కూడా పట్టుకున్నాయి, రికార్డులో అదంతా ఉంది. కానీ ఇంట్లో అది వచ్చేది ముందున్న రెండు స్పీకర్ల నుంచి మాత్రమే. బోస్టన్ హాలు పక్క గోడలు కూడా ఎదురుగా వచ్చి నిలబడతాయి. ఆరు గజాల చీరను మడత పెట్టి ముందు పెట్టినట్టు: బట్ట అంతా ఉంది, కట్టుకున్న తీరు లేదు. మన ఇంటి గోడలు దీన్ని తీర్చలేవు. సామాను నిండిన చిన్న గదిలో ప్రతిఫలనాలు చాలావరకు కొద్ది మిల్లీసెకన్లలోనే వచ్చేస్తాయి. 80 మిల్లీసెకన్ల తర్వాత పక్కల నుంచి రావడానికి తగినంత శబ్దం మిగిలి ఉండదు. దాన్ని పక్కన పెట్టిన స్పీకర్లే తేవాలి. సరౌండ్‌కు సంగీతంలో ఉన్న అసలైన, మరెవరూ చెయ్యలేని పని ఇదొక్కటే.

స్టీరియో పాటలో దాగిన గదిని విడిగా వినాలంటే ఒక ప్రయోగం ఉంది. అడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరులో పాట తెరిచి, రెండు చానెళ్ళను విడదీసి, ఒకదాన్ని తలకిందులు చేసి, రెండూ కలిపి మోనోగా వినండి. రెండింటిలో సమానంగా ఉన్నదంతా రద్దయిపోతుంది. గాయకుడు మాయం. డ్రమ్ము, బేస్ చాలావరకు మాయం. మిగిలేది పక్కలకు పంచిన వాద్యాలు, గాయకుడు లేని గొంతు తాలూకు మోత. నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. డాల్బీ ప్రోలాజిక్ వంటి యంత్రాలు స్టీరియో నుంచి సరౌండ్ పుట్టించేది సుమారుగా ఈ తీసివేతతోనే: సమానంగా ఉన్నది మధ్య స్పీకరుకు, తేడా మిగిలినది చుట్టు స్పీకర్లకు. 1950ల నాటి ఘంటసాల సినిమా పాటతో ఇదే చేస్తే మిగిలేది దాదాపు నిశ్శబ్దం. అవి మోనో. నిశ్శబ్దం రాకపోతే తర్వాతెవరో అందులో చెయ్యి పెట్టారని అర్థం.

సరే, ఇక మన ఇళ్ళు. వాటి మోత లెక్క తెలియాలంటే ముందు ఒక పాత కథ. హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి 1895లో ఒక పని అప్పగించారు: ఫాగ్ మ్యూజియంలోని ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదు, ఎందుకో చూడమని. ఒక మాట అన్నాక అది ఐదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేది. పక్కనున్న సాండర్స్ థియేటరు సీట్ల దిండ్లు రాత్రిళ్ళు మోయించి, గదిలో పరిచి, మోత ఎంతసేపటికి తగ్గుతోందో కొలిచి, తెల్లారేలోగా మళ్ళీ వెనక్కు చేర్పించేవాడు. అలా దొరికిన సూత్రం చాలా సాదా: గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, ఆ గది శబ్దాన్ని పీల్చే మొత్తంతో భాగిస్తే మోత నిలిచే కాలం వస్తుంది. పీల్చడానికి కొలమానం తెరిచిన కిటికీ. దానిలోంచి వెళ్ళిన శబ్దం తిరిగి రాదు కాబట్టి.

పద్నాలుగు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు ఉన్న మన హాలును తీసుకుందాం. ఘనపరిమాణం 48 ఘనపు మీటర్లు, అన్ని తలాలూ కలిపి 80 చదరపు మీటర్లు. సిమెంటు గోడలు, పైన శ్లాబు, కింద టైల్సో గ్రానైటో. ఇవి పీల్చేది నూటికి రెండు మూడు వంతులు. మొత్తం రెండున్నర చదరపు మీటర్ల కిటికీకి కూడా చాలదు. మోత నిలిచే కాలం మూడు సెకన్ల పైమాట! గృహప్రవేశం నాడు సామాను చేరని ఇంట్లో ఎవరేం మాట్లాడుతున్నారో తెలియకపోవడానికి కారణం ఇదే. సంగీతం వినడానికి ఇంట్లో అర సెకనుకు మించకూడదు. అందుకు పదహారు చదరపు మీటర్ల కిటికీ అంత పీల్పు కావాలి. ఒక మనిషి ఇచ్చేది సుమారు అర చదరపు మీటరు. మిగతాది మందపాటి పరదాలు, బట్ట సోఫా, తివాచీ, పరుపు, పుస్తకాల అర ఇవ్వాలి. రెగ్జిన్ సోఫా, అద్దాల షోకేసు ఉన్న హాల్లో ఏ లక్ష రూపాయల స్పీకరూ బాగా పలకదు. అమెరికా, యూరప్‌లలో చెక్క నేలలు, తివాచీలు, జిప్సం పలకల గోడల మధ్య కూర్చుని రాసిన సలహాలు మన సిమెంటు పెట్టెలకు అలాగే వర్తించవు. మనకు మొదటి ఖర్చు బట్టల కొట్లో.

రెండో శత్రువు నెత్తిమీదే తిరుగుతుంటుంది. చుట్టు స్పీకర్లు మోసుకొచ్చే హాలు మోత చాలా సన్నగా ఉంటుంది, ఉండాలి కూడా. ఐదు మీద తిరిగే సీలింగ్ ఫ్యాను, వీధిలో ఆటోలు దాన్ని ముందు మింగేస్తాయి. పాట వినిపిస్తుంది, దాని చుట్టూ ఉన్న హాలు వినిపించదు. ఫ్యాను ఆపితే మే నెలలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఏసీ గది ఉన్నవాళ్ళకే సరౌండ్ అని అనడం లేదు గానీ, ఆ మాటకు దగ్గరగానే ఉన్నాను.

ఇక మన ఊళ్ళలో 5.1 అని అమ్ముడయ్యేదాని సంగతి. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలోనో మీ ఊరి ఎలక్ట్రానిక్స్ కొట్లోనో ఒక చెక్క వూఫరు, అరచేతిలో పట్టే ఐదు పెట్టెలు కొనుక్కొచ్చి, తీగలు చాలక ఐదింటినీ టీవీ పక్కనే షోకేసులో వరసగా పేర్చిన ఇళ్ళు ఎన్నో చూశాను. అది సరౌండ్ కాదు, ఐదు నోళ్ళ మోనో. వెనక పెట్టగలిగినవాళ్ళకు మరో ప్రమాదం: చాలా సెట్లు స్టీరియో పాటను అన్ని పెట్టెల్లోకీ ఒకేలా పంపేస్తాయి. సోఫా వెనక గోడ మీది పెట్టె చెవికి దగ్గర, దాని శబ్దమే ముందు చేరుతుంది. హాస్ చెప్పింది గుర్తుంటే, పాట వీపు వెనక నుంచి ఎందుకు వస్తోందో తెలిసిపోతుంది. అలాంటప్పుడు వెనకవాటిని ఆపేసి ముందు రెంటితో వినడమే మేలు. పదిహేను వేలు ఉంటే దాన్ని ఐదుగా పంచడంకంటే రెండుగా పంచమనే నా సలహా; ఆ ధరలో ఐదు మంచి స్పీకర్లు రావు, రెండు ఓ మోస్తరువి వస్తాయి. వాటిని గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపి, చెవి ఎత్తులో, ఎనిమిది అడుగుల త్రిభుజంలో పెట్టండి. ఈ జరపడానికి పైసా ఖర్చు లేదు గానీ, ఇంట్లో వాళ్ళ అనుమతి కావాలి.

ఐదూ పెట్టుకునే స్తోమత, చోటు ఉన్నవాళ్ళకు ఒక ఊరట. మన ఇళ్ళలో సోఫా వెనక గోడకు ఆనుకునే ఉంటుంది, వెనక స్పీకరుకు చోటుండదు. సినిమాకు అది లోపమే. సంగీతానికి కాదు, మనకు కావలసింది పక్క గోడలే కాబట్టి చెవులకు నేరుగా ఇరుపక్కలా పెడితే చాలు. ఎంత గట్టిగా పెట్టాలి? అవి మోగుతున్నాయని తెలియకూడదు, ఆపేస్తే మాత్రం హాలు కుంచించుకుపోయినట్టు తెలియాలి.

ఏ సంగీతమన్నది కూడా చూడాలి. కర్ణాటక కచేరి ఎదుటి సంగీతం. మధ్యలో గాత్రం, శ్రోతకు సాధారణంగా కుడివైపు వయొలిన్, ఎడమవైపు మృదంగం, వెనక తంబుర. దీనికి ముందు మూడు, లేదా రెండు, స్పీకర్లు బాగా కుదురుతాయి. మన సభల్లో చాలాచోట్ల ఇదంతా మైకుల్లో కలిసి మోనోగా బయటికొస్తుందనుకోండి, అది వేరే దుఃఖం. భజన అలా కాదు. గుండ్రంగా కూర్చుని ఒకరు ఎత్తుకుంటే చుట్టూ పదిమంది అందుకుంటారు. తాళాలు వెనక నుంచి, డోలక్ పక్క నుంచి. అందులో కూర్చున్నవాడికి ఎదురు అన్నదే లేదు. పడమటి సంగీతంలోనూ ఇలాంటివి ఉన్నాయి. బెర్లియోజ్ 1837లో తన రెక్వియమ్ కోసం నాలుగు ఇత్తడి వాద్యబృందాలను నాలుగు దిక్కులా నిలబెట్టాడు. ఇటువంటి వాటికి స్టీరియో నిజంగానే చాలదు. చిత్రమేమంటే, సరౌండ్‌కు ఇంతగా తగిన మన భజనలూ నగర సంకీర్తనలూ మైకు ఎదురుగా పెట్టి రికార్డు చేసినవే ఎక్కువగా దొరుకుతాయి.

2021లో ఆపిల్ మ్యూజిక్ డాల్బీ అట్మాస్ పాటలు మొదలుపెట్టాక సరౌండ్ సంగీతానికి మళ్ళీ జీవం వచ్చింది. కాకపోతే వినేది ఎక్కువగా ఇయర్‌ఫోన్లలో. అక్కడ స్పీకర్లు లేవు. ప్రతి దిక్కు నుంచి వచ్చే శబ్దాన్ని తల, చెవి డొప్ప ఎలా మారుస్తాయో లెక్కగట్టి ఆ మార్పులను రెండు చానెళ్ళలోనే కలుపుతారు. చెవి డొప్ప వేలిముద్రలా ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి, సగటు చెవికి చేసిన లెక్క కొందరికి హాలులా, ఇంకొందరికి తల లోపలే మోగుతున్నట్టు ఉంటుంది. ముందు వెనకలు తారుమారవడం మామూలే. అందుకే 2022 నుంచి ఆ కంపెనీ ఫోను కెమెరాతో చెవిని చూసి లెక్క మార్చే ఏర్పాటు పెట్టింది.

చివరగా పాత పాటలు, ఎందుకంటే మన ఇళ్ళలో ఎక్కువగా మోగేవి అవే. 1957 నాటి ‘మాయాబజార్’ మోనో చిత్రం. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు ధ్వనిని కూడా డీటీఎస్ 5.1కు మార్చారు. థియేటరులో అది బాగానే ఉండవచ్చు, ఇంట్లో పాటకు అవసరం లేదు. మోనో పాటను రెండు స్పీకర్లలో వింటే ఇందాకటి 2000 హెర్ట్‌జ్ గుంట ఘంటసాల గొంతులోనే పడుతుంది. ఆయన్ను రికార్డు చేసినవాళ్ళు విన్నది ఒక్క స్పీకరులో. ఆంప్లిఫయరు మీద బ్యాలెన్స్ మీట ఉంటే పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఆ స్పీకరుకు ఎదురుగా కుర్చీ వేసుకోండి. మీట లేకపోతే రెండో స్పీకరు తీగ పీకేయండి, సెట్టు ఆపి.